తడి చెత్త, పొడి చెత్త: మీ ప్రశ్నలు, మా జవాబులు

డంపింగ్ యార్డుకు చేరే చెత్తను తగ్గించడానికి స్థానిక సంస్థలు చేసే పనుల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త విడివిడిగానే ఇస్తున్నాం. బండిలో మాత్రం రెండూ ఒకేచోట పడుతున్నట్టు కనిపిస్తోంది. ఇక మేం వేరు చేసి లాభమేమిటి?

ముందు బండి లోపలికి తొంగి చూడండి. బయటికి ఒకటే తొట్టిలా ఉన్నా చాలా బండ్లలో మధ్యన అడ్డుగోడ ఉంటుంది. అడ్డుగోడ లేకపోయినా, ఉండి కూడా వీధి చివర రెండింటినీ ఒకే కంపాక్టర్ లారీలో వంపేసినా మీ అనుమానం నిజమే. కంపాక్టర్ చెత్తను గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకు తడి చెత్తలోంచి కారిన నీరంతా కాగితానికీ అట్టపెట్టెలకూ పడుతుంది. అలా నానిన కాగితాన్ని ఏ మిల్లూ కొనదు. గాజు సీసాలు పగిలి తడి చెత్తలో కలిస్తే ఆ పెంకులను తర్వాత ఏ జల్లెడా పూర్తిగా తీయలేదు. అంటే ఒక్క తప్పుతో రెండు రకాల చెత్తా చెడుతుంది.

బండి ఒకటే ఉన్నచోట రోజులు పంచుకోవడమే మంచి పద్ధతి. తడి చెత్త ఆగదు కాబట్టి దాన్ని తరచూ తీసుకెళ్లాలి. పొడి చెత్తకు వారానికి ఒకటి రెండు రోజులు కేటాయిస్తే చాలు. నీళ్లతో ఒకసారి తొలిపి ఆరబెట్టిన డబ్బాలు, సీసాలు ఇంట్లో వారం ఉన్నా వాసన రావు. కొత్త బండ్లు కొనకుండానే చేయగలిగిన మార్పు ఇది. కావాల్సిందల్లా రోజుల పట్టిక రాసి, దాన్ని తప్పకుండా పాటించడం.

మీ వార్డు ప్రతినిధిని ఒక ప్రశ్న అడగండి. లారీలను తూచే వేబ్రిడ్జి తూకాల ప్రకారం నెలకు తడి చెత్త ఎంత వచ్చింది, పొడి చెత్త ఎంత వచ్చింది, తడి చెత్తతో కంపోస్టు చేసే కేంద్రం, పొడి చెత్తను వేరుచేసే కేంద్రం పనికిరాదని తేల్చి డంపింగ్ యార్డుకు పంపింది ఎంత? మొదటి రెండు అంకెలు అందరూ చెబుతారు. అసలు సంగతి మూడోదాంట్లో ఉంటుంది. జవాబు వచ్చేదాకా వేరు చేయడం మాత్రం ఆపకండి. ఇళ్లలో వేరు చేయడం లేదని తేలితే విడి బండ్లు ఎందుకనే వాదన మొదలవుతుంది.

ప్రశ్న: తడి చెత్త ఎలాగూ కుళ్లిపోయేదే కదా. డంపింగ్ యార్డులో కుళ్లితే వచ్చే నష్టమేమిటి?

గాలి ఆడేచోట కుళ్లడం వేరు, ఆడనిచోట కుళ్లడం వేరు. కంపోస్టు కుప్పలో గాలి పీల్చే సూక్ష్మజీవులు పనిచేస్తాయి. ప్రధానంగా వేడి, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. పొరలు పొరలుగా కప్పేసిన చెత్తగుట్ట లోపల గాలి ఉండదు, అక్కడ మీథేన్ పుడుతుంది. గుట్టలోంచి వచ్చే వాయువులో దాదాపు సగం అదే. భూమిని వేడెక్కించే శక్తి 20 ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్‌కు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ.

పైపులు దించి ఆ వాయువును పట్టుకోవచ్చుగా అని కొందరు రాశారు. పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా. కాకపోతే వండిన పదార్థాలు, పండ్ల తొక్కలు చాలా త్వరగా కుళ్లుతాయి. పైపులు దించేది గుట్టలో ఆ భాగం నిండాకనే కాబట్టి ఈలోగా పుట్టిన మీథేన్‌లో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఇక గుట్ట అడుగు నుంచి కారే మురుగు ద్రవం సంగతి. లీచేట్ అని పిలిచే ఈ ద్రవానికి మూలం వాన నీరు, తడి చెత్తలోని నీరు. అది దారిలో బ్యాటరీలు, రంగుల డబ్బాల వంటి వాటిని తాకి, వాటిలోని లోహాలను కరిగించుకుని భూగర్భ జలం వైపు దిగుతుంది. తడి చెత్తను గుట్టకు చేరనివ్వకపోతే ఈ రెండు బెడదలూ తగ్గుతాయి.

ప్రశ్న: మా కాలనీ పక్కన మున్సిపాలిటీ కంపోస్టు యార్డు పెట్టింది. మొదటి నెల బాగానే ఉంది. ఇప్పుడు దుర్వాసన, ఈగలు. మూసేయమని అడగాలా?

మూసేయమనే ముందు ఏం చెడిందో చూడాలి. కంపోస్టు యార్డు వాసన కొడుతోందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: తడి ఎక్కువ, గాలి తక్కువ. ఏ రకం వాసనో గమనిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసనైతే కుప్ప లోపల గాలి ఆడటం లేదు. కళ్లు మండేలా అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువై, కర్బనం చాలలేదు. పుల్లటి వాసనైతే తాజా వంటింటి చెత్త పులుస్తూ ఆమ్లాలు పుట్టిస్తోంది, కుప్ప వేడెక్కే దశలోనే చతికిలపడింది. ఈ చివరి దానికి తయారైన కంపోస్టు కొంత, ఎండు సరుకు మరికొంత కలిపి తిరగేయడమే మందు.

ఎండు సరుకు లెక్క చాలా యార్డుల్లో వేయరు. వేసి చూపిస్తాం. వంటింటి చెత్తలో తేమ 80 శాతం దాకా ఉంటుంది. కుప్పలో 60 శాతం మించకూడదు. టన్ను చెత్తలో 800 కిలోలు నీరే. 15 శాతం తేమ ఉన్న ఎండుటాకులు కలిపి మొత్తాన్ని 60 శాతానికి దించాలంటే దాదాపు 440 కిలోల ఆకులు కావాలి. తూకంలో సగం కూడా లేదనిపిస్తుంది కానీ ఆకులు తేలిక. చోటు లెక్కన చూస్తే చెత్త కంటే ఆకుల కుప్పే రెండు మూడింతలు పెద్దది. ఆకులు రాలే కాలంలో పోగుచేసి వాన తగలకుండా కప్పి దాచుకోకపోతే మిగతా ఏడాదికి యార్డులో కలపడానికి ఏమీ ఉండదు. మీ యార్డు మొదటి నెల బాగుండి తర్వాత చెడిందంటే మా మొదటి అనుమానం ఇదే, దాచిన ఆకులు అయిపోయి ఉంటాయి. కత్తిరించిన కొమ్మల ముక్కలు, చెక్క తరుగు కూడా పనికొస్తాయి. అవి త్వరగా నలగవు కాబట్టి కుప్పలో గాలికి సందులు మిగులుతాయి. చివర్లో జల్లించి మళ్లీ వాడుకోవచ్చు. రంపపు పొట్టు ఒక్కటే వేస్తే నీటిని పీలుస్తుంది గానీ సందులు ఇవ్వదు.

తేమ తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. చేతికి తొడుగు వేసుకుని కుప్ప లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించి, గుప్పిట విప్పాక ముద్ద నిలబడితే సరిపోయింది. ధారగా కారితే ఎండు సరుకు కలపాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. ఎండిన కుప్ప కూడా చెడ్డదే, చల్లారి పని ఆపేస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి కంపోస్టు తయారైందనుకుంటారు.

వేడి విషయంలో పొడవాటి కడ్డీ థర్మామీటరు తప్పనిసరి. రెండు మూడు అడుగుల లోతులో రోజూ చూసి రాయాలి. రోగకారక క్రిములు చావాలంటే, తిరగేసే పొడవాటి కుప్పల పద్ధతిలో 55 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడి 15 రోజులు ఉండాలి, ఆ రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేయాలి. అడుగున పైపులతో గాలి ఊదే పద్ధతిలో, కుప్పను మందమైన పొరతో కప్పి ఉంచితే 3 రోజులు చాలు. అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన ఇది, చాలా చోట్ల దీన్నే పాటిస్తారు. 65 డిగ్రీలు దాటి ఎక్కుతుంటే వెంటనే తిరగేయాలి. 70 దగ్గర పనిచేసే సూక్ష్మజీవులే చస్తాయి. కుప్ప ఎత్తు మనిషి ఎత్తుకు అటూఇటూగా ఉండాలి. మరీ ఎత్తైతే అడుగు పొర అణిగిపోయి గాలి ఆడదు, మరీ చిన్నదైతే వేడి నిలవదు.

ఈగల సంగతి. గుడ్డు నుంచి ఈగ దాకా వేడి వాతావరణంలో వారం పది రోజుల్లో పూర్తవుతుంది. పురుగు దశలో అవి కుప్ప పైపొరలో, చల్లగా ఉన్నచోట ఉంటాయి. మొదటి రెండు వారాలూ మూడు నాలుగు రోజులకోసారి పైపొర లోపలికి వెళ్లేలా తిరగేస్తే ఆ వేడికి చస్తాయి. కొత్త చెత్త వచ్చిన రోజే కలిపి, పైన జానెడు మందాన తయారైన కంపోస్టు కప్పితే ఈగలూ వాసనా రెండూ తగ్గుతాయి. ఆ కప్పు పొర వాసనను వడపోస్తుంది. అడుగున కాంక్రీటు నేల, ఒకవైపు వాలు, కారిన ద్రవానికి తొట్టి ఉన్నాయో లేదో చూడండి. ఆ ద్రవాన్ని ఇంకా వేడెక్కని కొత్త కుప్పల మీదే చల్లాలి. తయారైన కంపోస్టు మీద చల్లితే చచ్చిన క్రిములను మళ్లీ తెచ్చిపెట్టినట్టే.

కాబట్టి మీరు అడగాల్సింది ఇవి: ఎండు సరుకు నిల్వ, రోజువారీ వేడి పుస్తకం, గాలి ఇళ్ల వైపు వీచని వేళల్లోనే తిరగేస్తామన్న మాట. ఇవి ఇవ్వలేని యార్డును ఇళ్ల పక్కన నడపకూడదని మేమూ అంటాం.

ప్రశ్న: మున్సిపాలిటీ ఇచ్చే కంపోస్టు కూరగాయల మడిలో వేయవచ్చా? దాని మీద నమ్మకం కుదరడం లేదు.

ఏ చెత్తతో చేశారో ముందు కనుక్కోండి. కలగలిపిన చెత్తను తెచ్చి, యంత్రాలతో జల్లించి చేసిన కంపోస్టులో గాజు పొడి, ప్లాస్టిక్ తునకలు, సీసం వంటి లోహాలు మిగులుతాయి. జల్లెడ కన్ను ఎంత చిన్నదైనా కరిగిన లోహాన్ని ఆపలేదు. యూరోపియన్ యూనియన్ 2019 ఎరువుల నిబంధనల్లో కలగలిపిన ఇంటి చెత్త నుంచి యంత్రాలతో వేరుచేసిన పదార్థాన్ని ఈ కారణంగానే కంపోస్టు సరుకుగా ఒప్పుకోలేదు. ఇళ్ల దగ్గరే వేరు చేసిన తడి చెత్తతో చేసినదైతే ఈ బెడద చాలా తక్కువ. ఎలాగైనా లోహాల పరీక్ష నివేదిక అడగండి.

కంపోస్టు మాగిందో లేదో మీరే చూసుకోవచ్చు. కొంచెం తడిపి సంచిలో గట్టిగా మూసి మూడు రోజులు ఉంచండి. తెరవగానే మట్టి వాసన వస్తే మాగింది. కుళ్లు వాసనో, అమ్మోనియా ఘాటో వచ్చినా, సంచి ఉబ్బినా పచ్చిదని అర్థం. పచ్చి కంపోస్టు మొక్క వేళ్ల దగ్గర ప్రాణవాయువునూ నత్రజనినీ లాగేసుకుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి. రెండో పరీక్షకు రెండు కుండీలు తీసుకోండి. ఒకదాంట్లో మామూలు మట్టి, రెండోదాంట్లో మూడో వంతు కంపోస్టు కలిపిన అదే మట్టి వేయండి. రెండింట్లోనూ చిక్కుడు జాతి గింజలు నాటి నాలుగు వారాలు చూడండి. కంపోస్టు కుండీలోనే ఆకులు చెంచాల్లా ముడుచుకుని, లేత కాడలు మెలికలు తిరిగితే కలుపు మందు అవశేషం ఉందని అనుమానించాలి. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ అనే మందులు కంపోస్టు వేడికి కూడా సులువుగా విచ్ఛిన్నం కావు. 2000 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మున్సిపల్ కంపోస్టులో క్లోపిరాలిడ్ బయటపడింది. మందు కొట్టిన పచ్చిక కోతలు తోటల చెత్తతో కలిసి రావడమే దానికి కారణం. అందుకే మందు కొట్టిన గడ్డిని తడి చెత్త డబ్బాలో వేయకండి.

ప్రశ్న: ‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్న సంచులు పెరట్లో పాతిపెట్టాను. ఏడాదైనా కరగలేదు. మోసమా?

చాలావరకు మోసం కాదు, వాటి పరీక్ష వేరు. ఈఎన్ 13432 అనే యూరప్ ప్రమాణం ప్రకారం ఆ సరుకు పెద్ద యార్డు వేడిలో 12 వారాల్లో 90 శాతం 2 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలైపోవాలి, 6 నెలల్లో 90 శాతం సూక్ష్మజీవులకు ఆహారమైపోవాలి. పెరటి మట్టిలో ఆ వేడి ఉండదు. ‘హోమ్ కంపోస్టబుల్’ అని విడిగా ధ్రువీకరణ ఉన్నవి మాత్రమే ఇంటి కుప్పకు తీసుకోండి. ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాట ఒక్కటే ఉండి ఏ ప్రమాణం పేరూ లేకపోతే దానికి విలువ లేదు. మీ మున్సిపాలిటీ యార్డు అలాంటి సంచులు తీసుకుంటుందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి. కొన్ని యార్డుల్లో చూడగానే మామూలు ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తారు.

ప్రశ్న: త్రికోణం గుర్తు ఉన్న ప్లాస్టిక్ అంతా రీసైకిల్ అవుతుంది కదా? మా కేంద్రం నల్లటి ట్రేలు ఎందుకు తీసుకోదు?

ఆ త్రికోణంలోని అంకె ప్లాస్టిక్ ఏ రకమో చెబుతుందే తప్ప రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టిన గుర్తులివి. 1 అంటే పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), 2 గట్టి పాలిథీన్, 3 పీవీసీ, 4 పల్చటి పాలిథీన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ. 1, 2 రకాల సీసాలకు దాదాపు ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. 5కు ఈ మధ్య పెరుగుతోంది. మిగతావి మీ ఊళ్లో కొనేవాళ్లు ఉంటేనే.

వేరుచేసే కేంద్రాల్లో పరారుణ కాంతి యంత్రం ప్రతి వస్తువు మీద వెలుగు వేసి, తిరిగి వచ్చిన వెలుగును బట్టి రకాన్ని గుర్తిస్తుంది. నల్లటి ట్రేలో కలిపే కార్బన్ బ్లాక్ రంగు ఆ వెలుగునంతా మింగేస్తుంది. యంత్రానికి ట్రే కనిపించదు, బెల్టు చివర చెత్తలో పడుతుంది. ఆ యంత్రం లేని చిన్న కేంద్రాల్లో నీటి తొట్టి పద్ధతి వాడతారు. 2, 4, 5 రకాలు తేలతాయి, 1 మునుగుతుంది. ఇబ్బంది ఏమిటంటే పీవీసీ కూడా మునుగుతుంది. పెట్ కరిగే వేడికి పీవీసీ మాడి ఆమ్లం వదులుతుంది, మొత్తం సరుకు పసుపెక్కి నల్ల మచ్చలు పడుతుంది. ఒకటి రెండు పీవీసీ ముక్కలకే పెద్ద లోడు చెడవచ్చు. అందుకే 3 అంకె ఉన్నదేదీ పొడి చెత్తలో సీసాలతో కలపకండి.

ఇంకో మాట. పొడి చెత్తను క్యారీబ్యాగులో మూటకట్టి ఇవ్వకండి. పల్చటి సంచులు తిరిగే చక్రాల జల్లెడకు చుట్టుకుపోతాయి. చక్రాల మధ్య సందులు పూడిపోయి కాగితం, సీసాలు కలిసిపోతాయి. అప్పుడు యంత్రం ఆపి, కార్మికులు లోపలికి దిగి కత్తులతో ఆ చుట్టలను కోయాలి. కేంద్రాల్లో ప్రమాదకరమైన పనుల్లో ఇదొకటి. నూనె అంటిన కాగితం తడి చెత్తలోకి, ప్లాస్టిక్ పూత లేకపోతేనే. నునుపుగా ఉండే బిల్లు కాగితాలు రెండింట్లోనూ వద్దు, వాటి పూతలో రసాయనాలుంటాయి.

ప్రశ్న: పాత ఫోను బ్యాటరీలు పొడి చెత్తలో వేయవచ్చా?

వద్దు. ఏ డబ్బాలోనూ వేయవద్దు. లిథియం బ్యాటరీ కంపాక్టర్ నొక్కుడుకు నలిగితే లోపలి పొరలు తాకి మంట లేస్తుంది, చుట్టూ కాగితమే ఉంటుంది. చెత్త లారీల్లో, వేరుచేసే కేంద్రాల్లో మంటలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. బ్యాటరీ కొనల మీద టేపు అంటించి ఈ-చెత్త తీసుకునే చోట ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీ అయితే నొక్కకుండా, గుచ్చకుండా, ఇసుక పోసిన లోహపు డబ్బాలో ఉంచి అక్కడి సిబ్బందికి ముందే చెప్పండి.

ప్రశ్న: ఎంత చెత్త వేస్తే అంత రుసుము అనే పద్ధతి తెస్తే జనం రాత్రిపూట రోడ్ల మీద పారేయరా?

మొదట్లో కొంత పారేస్తారు. దాన్ని ముందే లెక్కలోకి తీసుకుని పథకం వేసినచోట్ల అది తగ్గింది. దక్షిణ కొరియా 1995లో దేశమంతా ఈ పద్ధతి పెట్టింది. మిగతా చెత్తను మున్సిపాలిటీ అమ్మే సంచుల్లోనే వేయాలి, సంచి ఖరీదులోనే రుసుము ఉంటుంది. రీసైకిల్ అయ్యేవి వేరుగా ఇస్తే రుసుము లేదు. 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడం ఆపారు, 2013లో వాటికీ పరిమాణాన్ని బట్టి రుసుము పెట్టారు. చాలా అపార్టుమెంట్లలో కార్డు తాకిస్తే మూత తెరుచుకునే తొట్లు వచ్చాయి, వేసిన బరువును బట్టి ఆ ఇంటి లెక్కలో పడుతుంది. ఈ వరుసను గమనించండి. వేరు చేసి ఇవ్వడానికి దారి ముందు ఏర్పడింది, నిషేధం తర్వాత వచ్చింది. దారి చూపకుండా రుసుము పెడితే మీరు భయపడిందే జరుగుతుంది.

ఇటలీలోని మిలాన్ నగరం ఆహార వ్యర్థాల సేకరణను 2012 నుంచి 2014 దాకా ప్రాంతాల వారీగా నాలుగు దశల్లో విస్తరించింది. వంటింట్లో పెట్టుకోవడానికి గాలి ఆడే చిన్న డబ్బాలు పంచింది. గాలి ఆడే డబ్బాలో తేమ కొంత ఆరిపోతుంది, వాసన తగ్గుతుంది. ఊరంతా ఒకే రోజున మొదలుపెట్టాలన్న ఆత్రం కంటే ఈ దారే మాకు నచ్చింది. ఒక ప్రాంతంలో తేలిన లోపాన్ని తర్వాతి ప్రాంతానికి వెళ్లేలోగా దిద్దుకోవచ్చు.

రుసుము మొత్తాన్నీ బరువుకే ముడిపెట్టకూడదు. బండ్లు, సిబ్బంది ఖర్చు చెత్త తగ్గినా తగ్గదు. కొంత అందరికీ సమానంగా, కొంత కలగలిపిన చెత్త పరిమాణాన్ని బట్టి ఉండాలి. పసిపిల్లలు, మంచానపడ్డవాళ్లు ఉన్న ఇళ్లలో డైపర్ల బరువు తప్పదు కాబట్టి వాళ్లకు మినహాయింపు ఉండాలి.

ప్రశ్న: మా మున్సిపాలిటీ 70 శాతం రీసైకిల్ చేస్తున్నామని ప్రకటించింది. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఏ గేటు దగ్గర తూచారో అడగండి. వేరుచేసే కేంద్రం లోపలికి వచ్చిన బరువంతా ‘రీసైకిల్’ కింద రాసుకుంటే అంకె పెద్దదవుతుంది. అందులో పనికిరాక తిరిగి గుట్టకు వెళ్లినది తీసేయాలి. యూరోపియన్ యూనియన్ 2018లో నియమం మార్చి, సూత్రప్రాయంగా అసలు రీసైక్లింగ్ యంత్రంలోకి వెళ్లే బరువునే లెక్కించాలంది. అక్కడి లక్ష్యాలు 2025కు 55 శాతం, 2030కు 60, 2035కు 65. కంపోస్టులోనూ ఒక మెలిక ఉంది. మాగే లోపు బరువులో చాలా భాగం ఆవిరిగా, వాయువుగా పోతుంది కాబట్టి వచ్చిన తడి చెత్తనూ అమ్మిన కంపోస్టునూ నేరుగా పోల్చకూడదు. జల్లెడ మీద మిగిలిన తుక్కు ఎంతో చూడాలి.

సొంతంగా పరీక్షించాలంటే చెత్త ఆడిట్ చేయించవచ్చు. డంపింగ్ యార్డుకు వెళ్లే లారీ ఒకటి శుభ్రమైన నేల మీద వంపించండి. బాగా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. 90 నుంచి 135 కిలోల దాకా మిగిలేవరకు ఇలా తగ్గించండి. ఆ తర్వాత వంటింటి చెత్త, కాగితం, సీసాలు, పల్చటి ప్లాస్టిక్, బట్టలు, డైపర్లు, మట్టి అంటూ విడదీసి ఒక్కోటి తూచండి. గుచ్చుకోని తొడుగులు, మూసిన బూట్లు, మాస్కు లేకుండా ఎవరినీ దింపకండి. సూదులు కనిపిస్తే చేత్తో తీయకుండా పట్టకారు వాడాలి. ఒక్క లారీ చూసి తీర్పు ఇవ్వడం తప్పు. వారంలో ప్రతి రోజూ వేర్వేరు ప్రాంతాల లారీలు చూసి, వర్షాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయాలి. గుట్టకు వెళ్లే చెత్తలో సగం వంటింటి చెత్తే తేలితే ప్రకటించిన 70 శాతాన్ని నమ్మడం కష్టం. అప్పుడు ఏ వార్డు లారీలో అది ఎక్కువగా వచ్చిందో చూసి, ఆ వార్డులో బండి వేళలు, సిబ్బంది సంఖ్య, తడి చెత్త డబ్బాల పంపిణీ ముందుగా పరిశీలించమని రాతపూర్వకంగా అడగండి.